గోడ మీది ఫొటోలు సరే, పిల్లలు నిజంగా ఎవరిని చూసి మారతారు?

టీచర్ గారూ, మీ ప్రశ్న చదివాను. మీరు కొత్తగా ఒక ప్రభుత్వ హైస్కూల్లో చేరారు. గోడల నిండా మహనీయుల ఫొటోలున్నాయి, ప్రార్థనలో రోజుకొకరి గురించి చెబుతారు. అయినా ‘నీ రోల్ మోడల్ ఎవరు?’ అని అడిగితే పిల్లలు సినిమా హీరో పేరో, యూట్యూబర్ పేరో చెబుతున్నారు. రోల్ మోడల్ ప్రభావం అనేది సమాజంలో నిజంగా ఉందా, లేక వ్యాసరచన పోటీలకే పనికొచ్చే మాటా అని అడిగారు. ఉంటే పిల్లలకు మంచి ఆదర్శాన్ని ఎలా చూపించాలో చెప్పమన్నారు.

ఉంది. నేను కళ్ళారా చూశాను. అయితే ఫొటో పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పినంత మాత్రాన అది రాదు. తనలాంటి మనిషే, తనకున్నలాంటి కష్టాల మధ్యే, ఒక పని చేసి చూపిస్తే అప్పుడు మనిషి కదులుతాడు. ఎవరెంత గొప్పవాళ్ళన్నది తర్వాతి సంగతి. ముందు పిల్లల మనసులో పుట్టే ప్రశ్న ‘ఇది నాలాంటి వాళ్ళకి అయ్యే పనేనా?’ అన్నదే. ‘అవుతుంది, ఇదిగో ఇలా’ అని జవాబు చూపించగలిగిన మనిషే ఆ పిల్లకో పిల్లవాడికో రోల్ మోడల్. మిగతావాళ్ళు గౌరవించదగ్గ వాళ్ళు. గౌరవించడం వేరు, చూసి నడవడం వేరు.

ఈ మాట ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, ఉద్యోగంలో చేరకముందు నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీరుగా తిరిగాను. 1991 నాటి మాట. కూలి పనుల నుంచి వచ్చి, వంటలు ముగించుకుని, రాత్రి లాంతరు వెలుగులో ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. తాగుడుతో కాపురాలు కూలిపోతున్న ఊళ్ళో సీతమ్మ అనే ఆవిడ తోటి ఆడవాళ్ళని కూడగట్టి సారా కొట్టు మూయిస్తుంది. సీతమ్మ కల్పిత పాత్రే. కానీ ఆ పాఠం చదివేటప్పుడు ఎవరూ అక్షరాల దగ్గర ఆగేవాళ్ళు కాదు. ‘మా ఇంటాయన కూడా ఇంతేనమ్మా’ అని మొదలుపెడితే పాఠం పక్కకుపోయి రాత్రి పదింటిదాకా అదే చర్చ.

దూబగుంట అనే ఊళ్ళో ఆ చర్చ అక్కడితో ఆగలేదు. రోశమ్మ గారు, ఆవిడతో పాటు మరికొందరు ఆడవాళ్ళు నిజంగానే సారా అమ్మకాన్ని ఆపేశారు. పదవి లేదు, పార్టీ లేదు, డబ్బు అసలే లేదు. అక్షరాస్యత కార్యక్రమం వాళ్ళు చేసిన మంచి పని ఏమిటంటే, ఈ ఊరి కథనే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పేరుతో తర్వాతి వాచకంలో పాఠంగా పెట్టారు. అది జిల్లా అంతా చదివారు. ‘దూబగుంటోళ్ళు చేశారంట, మనకేం రోగం?’ అన్న మాట నేను ఎన్నో ఊళ్ళలో విన్నాను. 1992లో సారా వేలం పాటలనే ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. గాంధీ గారు మద్యం వద్దన్న సంగతి అప్పటికి దశాబ్దాలుగా అందరికీ తెలుసు. ఆయన ఫొటో పంచాయతీ ఆఫీసులోనూ ఉంది. ఆ ఫొటో చూసి ఏ ఊరూ కదల్లేదు. పక్క మండలంలో తనలాగే నాట్లు వేసే ఆడమనిషి చేసిందని తెలిశాక కదిలింది. గాంధీ గారి గొప్పతనానికి ఇందులో తక్కువేమీ లేదు. ఆయన ఏది మంచో చెప్పారు. రోశమ్మ గారు అది మనవల్ల అవుతుందని చూపించారు. సమాజానికి ఇద్దరూ కావాలి. స్కూళ్ళలో మొదటి రకం వాళ్ళని పెట్టుకుని రెండో రకం వాళ్ళని పట్టించుకోవడం మానేశాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. కథ ఒక్కటే ఏ పనీ చెయ్యలేదు. రాత్రి బడి పేరుతో ఆడవాళ్ళు రోజూ ఒకచోట కూర్చునే వీలు దొరికింది. ఆ వీలు లేకపోతే అదే పాఠం ఒంటరిగా చదివిన ఆవిడ నిట్టూర్చి పలక పక్కన పెట్టేది. అలాగే సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఒక మనిషి ఆదర్శం జనాన్ని లేపగలదు. లేచిన జనానికి అండగా చట్టం, ఆదాయం, పాలన నిలబడకపోతే ఆ ఊపు ఎక్కువకాలం నిలవదు. పిల్లల విషయంలోనూ ఇది గుర్తుపెట్టుకోండి. ఆదర్శం చూపించి, ఫీజు కట్టే దారి చూపించకపోతే సగం పనే చేసినట్టు.

ఇదే చూపుతో పాత చరిత్ర కూడా చదవచ్చు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన ఫొటో మీ గోడ మీద ఉండే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ రోజు పీటల మీద కూర్చున్నది గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ. బంధువులు, కులంవాళ్ళు ఏమంటారో తెలిసీ కూర్చున్నారు. తర్వాత అలా పెళ్ళి చేసుకున్న జంటలకి వీరేశలింగం గారి వాదం ఎంత బలమిచ్చిందో, వీళ్ళిద్దరూ కాపురం చేసి చూపించడం కూడా అంత బలమిచ్చి ఉంటుందని నా నమ్మకం. పాఠం చెప్పేటప్పుడు ఆ రెండు పేర్లు కూడా చెప్పండి. పిల్లల మొహాల్లో తేడా కనిపిస్తుంది.

ఇదంతా నీ అనుభవం, రుజువేమిటి అని మీ స్టాఫ్ రూంలో ఎవరైనా అడిగితే, పశ్చిమ బెంగాల్ బీర్భూం జిల్లా సంగతి చెప్పండి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు ఆడవాళ్ళకి కేటాయించారు కదా. ఏ పంచాయతీ ఎప్పుడు మహిళలకి వస్తుందన్నది అక్కడ లాటరీలాంటి పద్ధతిలో తేలింది. కాబట్టి మహిళ నాయకురాలైన ఊళ్ళనీ, కాని ఊళ్ళనీ పోల్చి చూసే వీలు కలిగింది. లోరీ బీమన్, ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా టోపలోవా 495 గ్రామాల్లో చేసిన ఆ అధ్యయనం 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. వరుసగా రెండు విడతలు మహిళలకే రిజర్వ్ అయిన ఊళ్ళలో, మగపిల్లల గురించీ ఆడపిల్లల గురించీ తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల మధ్య తేడా బాగా తగ్గింది. పిల్లల్లోనే చూస్తే 32 శాతం తగ్గింది. చదువులో అంతరం పూర్తిగా చెరిగిపోయింది. ఆడపిల్లలు ఇంటి చాకిరీలో గడిపే సమయం కూడా తగ్గింది. ఆ ఊళ్ళలో ఆడపిల్లలకు కొత్తగా ఉద్యోగాలేమీ పుట్టుకురాలేదు. కుర్చీలో ఒక ఆడమనిషిని ఏళ్ళ తరబడి చూడటమే ఈ మార్పుకి ముఖ్య కారణమని వాళ్ళు తేల్చారు.

ఇందులో ‘రెండు విడతలు’ అన్నది చాలా ముఖ్యం. ఒక్కసారి కనిపించి వెళ్ళిపోతే చాలదు. మన రెండు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవే. కానీ చాలా ఊళ్ళలో గ్రామసభలో ముందు వరస కుర్చీలో సర్పంచ్ గారి భర్త కూర్చుంటాడు, ఆవిడ సంతకం ఇంటికి వెళ్ళి తెచ్చుకుంటారు. అక్కడ పిల్లలు నేర్చుకునేది రిజర్వేషన్ ఉద్దేశానికి నేరుగా వ్యతిరేకమైనది. పదవి ఆడవాళ్ళకి వచ్చినా పెత్తనం మగవాళ్ళదే అని. నాకిది చాలా బాధ కలిగించే విషయం. తన పని తానే చేసుకునే సర్పంచ్ మీ చుట్టుపక్కల ఉంటే ఆవిడని స్కూలుకి పిలవండి, ఒక్కరినే రమ్మనండి.

ఇక దగ్గరితనం అంటే ఏమిటో మా పిల్లల దగ్గరే చూశాను. నేను పనిచేసింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు, అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా అబ్బాయి. ఇద్దరూ సంక్షేమ గురుకులాల పిల్లలే. సెలవులయ్యాక జూన్‌లో మా పిల్లలు తిరిగొచ్చేసరికి రాష్ట్రం రెండైపోయింది కానీ, వాళ్ళకి మాత్రం పూర్ణ ‘మన హాస్టల్ పిల్లే’. టెన్జింగ్ గురించి పాఠం చెప్పినప్పుడు సంవత్సరం, ఎత్తు రాసుకుని ఊరుకునేవాళ్ళు. పూర్ణ గురించి మాత్రం ప్రశ్నలే ప్రశ్నలు. ‘మేడం, ఆ అక్క అక్కడ ఏం తినింది? ఇంట్లో ఒప్పుకున్నారా? భయమేస్తే ఎవరికి చెప్పుకుంది? ముందు ఎక్కడ నేర్పించారు?’ భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టించి, తర్వాత డార్జిలింగ్ పంపి శిక్షణ ఇప్పించారని చెబితే ఒక్కొక్క మెట్టూ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

దీన్ని మీరు కొలబద్దగా వాడుకోవచ్చు. పిల్లలు ‘ఎలా?’ అని అడుగుతుంటే ఆ మనిషి వాళ్ళకి రోల్ మోడల్. ‘అబ్బో!’ అని ఊరుకుంటే ఆ మనిషి వాళ్ళకి ఒక వింత.

మా పిల్లలెవరూ ఎవరెస్టు ఎక్కలేదు. అది అవసరం కూడా కాదు. కానీ ఆ ఏడాది, పదో తరగతి తర్వాత ఆడపిల్లని దూరం పంపని ఇళ్ళు కొన్ని మెత్తబడ్డాయి. ఒక తండ్రి నాతో అన్నాడు, ‘ఆ పిల్లని మంచు కొండ మీదికి పంపారు గదమ్మా, నేను గూడూరు పంపలేనా?’ అని. ఆ అమ్మాయి గూడూరు వెళ్ళి ఇంటర్ చదివింది. రోల్ మోడల్ ప్రభావం అంటే చాలాసార్లు ఇంతే ఉంటుంది. చేసిన పనిని అచ్చంగా ఎవరూ మళ్ళీ చెయ్యరు, ఇంటి గడప దగ్గర ఆగిపోయిన అడుగు ఒకటి ముందుకు పడుతుంది. ప్రభావం పిల్లల మీద కంటే ముందు తల్లిదండ్రుల మీద పడటం కూడా గమనించండి. బీర్భూంలోనూ పిల్లలతో పాటు తల్లిదండ్రుల ఆశలు మారాయి.

దూరం ఎక్కువైతే ఆదర్శం నిరుత్సాహపరుస్తుంది కూడా. కెనడాలో పెనెలోప్ లాక్‌వుడ్, జీవా కుండా అనే పరిశోధకులు 1997లో దీని మీద రాశారు. అకౌంటింగ్ చదివే విద్యార్థులకి ఒక అద్భుతమైన సీనియర్ గురించి చదివించారు. మొదటి ఏడాది వాళ్ళకి హుషారొచ్చింది, తమకింకా సమయం ఉంది కాబట్టి. ఆఖరి ఏడాది వాళ్ళకి అలాంటిదేమీ కలగలేదు, అందుకునే వ్యవధి దాటిపోయింది కాబట్టి. మన ఊళ్ళలో ప్రతి కూడలిలో కట్టే ర్యాంకర్ల ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. పబ్లిక్ పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయనగా, లెక్కల్లో ముప్పై మార్కులతో కొట్టుకుంటున్న పిల్లవాడికి స్టేట్ ఫస్ట్ ఫొటో చూపిస్తే టెన్షన్ తప్ప ఇంకేమీ రాదు. వాడికి ఆ సమయంలో కావలసింది, పోయినేడాది లెక్కలు తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కి ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్న అన్న.

‘పక్కింటి అబ్బాయిని చూసి నేర్చుకో’ అనే మాట గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది వాడకండి. ‘పూర్ణ చెయ్యగా లేనిది నీకేమొచ్చింది?’ అన్నదీ అంతే. ఆ మాట అన్న మరుక్షణం ఎదుటి మనిషి ఆదర్శంగా మిగలడు, ప్రత్యర్థి అయిపోతాడు. ఇళ్ళల్లో అన్నదమ్ముల మధ్య దూరం పెరగడానికి ఈ పోలికే కారణమైన కుటుంబాలు నాకు తెలుసు.

పెద్ద పేర్లు పనికిరావని నేననడం లేదు. బ్యాడ్మింటన్ చూడండి. ప్రకాశ్ పదుకొణె గారు 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. బెంగళూరులో ఆయన పెట్టిన అకాడమీలో సాధన చేసిన పుల్లెల గోపీచంద్ 2001లో గెలిచారు. గోపీచంద్ 2008లో హైదరాబాద్ గచ్చిబౌలిలో తన అకాడమీ తెరిచాక సైనా నెహ్వాల్‌కి 2012 లండన్‌లో కాంస్యం, సింధుకి 2016 రియోలో రజతం వచ్చాయి. గోపీచంద్ గెలుపు టీవీలో చూసి సంతోషించినవాళ్ళు కోట్లలో ఉంటారు. ఆటలో పైకొచ్చింది ఎక్కువగా ఆయన ఎదురుగా నిలబడి, ఆయన చెప్పినట్టు తెల్లవారుజామునే కోర్టులో దిగినవాళ్ళు. గెలిచిన మనిషి తిరిగొచ్చి చేతికి రాకెట్ ఇచ్చాడు, అందుకే ఆ వరస సాగింది.

ఇప్పుడు మీ పిల్లల సినిమా హీరోల సంగతి. తీసిపారెయ్యకండి. ‘వాడు నీకు అన్నం పెడతాడా?’ అంటే ఆ పిల్లవాడు మీతో మాట్లాడటం మానేస్తాడు. ‘ఆయనలో నీకేం నచ్చింది?’ అని అడిగి, ఓపిగ్గా వినండి. మా దగ్గర ఒక అబ్బాయి తన హీరో పేరు చెబితే ఇదే అడిగాను. డాన్స్ అన్నాడు, కాసేపటికి ‘ఒక స్టెప్పు కోసం రోజంతా ప్రాక్టీస్ చేస్తాడంట మేడం’ అన్నాడు. అంటే వాడికి నచ్చింది సాధన. దాన్ని పట్టుకుని చేతిరాత దగ్గరికి, తర్వాత లెక్కల దగ్గరికి తీసుకెళ్ళగలిగాం. కొందరు మాత్రం కారు అంటారు, చుట్టూ ఉండే జనం అంటారు. అదీ తెలుసుకోవలసిన సంగతే, ఆ పిల్లవాడికి ఇంట్లోనో బయటో గుర్తింపు దొరకడం లేదేమో చూడండి. ఒక మనిషిని మొత్తంగా నెత్తిన పెట్టుకోవద్దనీ, ఒకరి దగ్గర ఒక గుణం తీసుకోవచ్చనీ ఈ వయసులోనే అలవాటు చేస్తే, రేపు ఆ హీరోనో, ఆ నాయకుడో ఏదైనా కేసులో ఇరుక్కున్నప్పుడు పిల్లవాడు కుప్పకూలడు, గుడ్డిగా వెనకేసుకురాడు.

మీరు సమాజం గురించి అడిగారు కాబట్టి ఒక ప్రయోగం సంగతి చెబుతాను. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో స్టాన్‌ఫర్డ్‌లో చిన్నపిల్లల ముందు ఒక పెద్దమనిషి గాలి బొమ్మని కొట్టేలా చేసి చూపించాడు. తర్వాత పిల్లలూ అలాగే కొట్టారు. ఇది చాలామందికి తెలుసు. 1965లో వచ్చిన ప్రయోగం ఇంకా ముఖ్యమైనది. బొమ్మని కొట్టిన మనిషికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కానీ ‘చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం’ అనగానే వాళ్ళూ మిగతావాళ్ళలాగే చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం అందరూ నేర్చుకున్నారు. చెయ్యాలా వద్దా అన్నది మాత్రం ఫలితాన్ని బట్టి తేల్చుకున్నారు.

మన ఊళ్ళకి దీన్ని అన్వయించుకోండి. దౌర్జన్యం చేసి డబ్బు సంపాదించినవాడికి పుట్టినరోజు ఫ్లెక్సీలు కడతాం, గజమాల వేస్తాం, గుడి ఉత్సవంలో మొదటి కొబ్బరికాయ ఆయన చేతే కొట్టిస్తాం. నిజాయితీగా పనిచేసి రిటైరైన లైన్‌మన్‌ని ఎవరూ పలకరించరు. పిల్లలు రెండూ చూస్తారు. పాఠ్యపుస్తకంలో ఎవరున్నారన్నది కంటే, ఊరు ఎవరిని చూసి లేచి నిలబడుతుందన్నదే వాళ్ళకి పెద్ద పాఠం. కాబట్టి మీ స్కూల్ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఎవరిని పిలుస్తారన్నది చిన్న విషయం కాదు. చందా ఇచ్చారు కదా అని ఎవరినిబడితే వాళ్ళని వేదిక ఎక్కించకండి. హెడ్మాస్టర్ గారికి ఇబ్బందిగా ఉండొచ్చు, అయినా మర్యాదగా చెప్పి చూడండి.

చివరగా, ఏం చెయ్యాలన్నారు కదా. అన్నింటికంటే బాగా పనిచేసింది పూర్వ విద్యార్థుల్ని పిలవడం. బాగా పైకెళ్ళిన అమెరికా ఇంజినీరుతో మొదలుపెట్టకండి, అలాంటివాళ్ళని తర్వాత పిలుచుకోవచ్చు. ముందు రెండు మూడేళ్ళే పెద్దవాళ్ళయిన వాళ్ళని పిలవండి. నర్సింగ్ చదువుతున్న అమ్మాయి, ఐటీఐ ఫిట్టర్ చేసి అప్రెంటిస్‌గా చేరిన అబ్బాయి, డీఈఈసెట్ రాసి టీచర్ ట్రైనింగ్‌లో చేరిన పిల్ల. వాళ్ళకి ముందే చెప్పండి, ‘కష్టపడితే ఏదైనా సాధించవచ్చు’ అనే ఉపన్యాసం వద్దని. సీటు ఎలా వచ్చింది, హాస్టల్‌కి ఎంత కట్టావు, స్కాలర్‌షిప్ లేటైతే ఎలా గడిపావు, మొదటి నెల ఎన్నిసార్లు ఏడ్చావు, ఇంగ్లీషు రాకపోతే ఏం చేశావు, ఇవి చెప్పమనండి. మా దగ్గరికి వచ్చిన ఒక నర్సింగ్ అమ్మాయి మొదటిసారి రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయానని చెప్పింది. ఆ రోజు తర్వాత నర్సింగ్ గురించి నన్ను అడిగిన ఆడపిల్లలు చాలామంది. అంతకుముందు భయమని ఎవరూ చెప్పుకోలేదు, అందరికీ ఉంది.

అదే మనిషిని మళ్ళీ వచ్చే ఏడాది కూడా పిలవండి. ఫోన్ నంబరు పిల్లలకి కాదు, మీ దగ్గర ఉంచుకుని అవసరమైనవాళ్ళని మీరే కలపండి. కుదిరితే తల్లుల్ని కూడా రమ్మనండి, వెనక వరసలో కూర్చున్నా చాలు.

గోడ మీది ఫొటోలు తియ్యనక్కర్లేదు. వాటి కింద ఒక బోర్డు పెట్టి మీ స్కూల్లో చదివినవాళ్ళ పేరు, ఏ ఏడాది బ్యాచ్, ఏ ఊరు, పదో తరగతి తర్వాత ఏమేం చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు అని వాళ్ళ అనుమతితో రాసి పెట్టండి. ర్యాంకు, జీతం రాయొద్దు.

వాళ్ళని పిలవడానికి మంచి సమయం సంక్రాంతి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఎక్కడున్నా ఊరికి వస్తారు. స్కూలుకి సెలవులుంటాయి కాబట్టి డిసెంబరులోనే హెడ్మాస్టర్ గారితో మాట్లాడి తాళం చెవి సంగతి చూసుకోండి. పండగ మూడు రోజులూ ఎవరూ రారు. కనుమ మర్నాడు పొద్దున పెట్టుకుంటే, సాయంత్రం బస్సు ఎక్కేలోపు రెండు గంటలు మీకు ఇవ్వగలుగుతారు.